పికప్ ట్రక్కు: షౌక్ ఎంత? షోకు ఎంత?

ఉర్దూలోని "షౌక్" అనే మాట తెలుగులోనికి వచ్చి "షోకు" అయింది. ఉర్దూలో ఆ మాటకు అభిరుచి, మక్కువ, ఆసక్తి అని అర్థం. తెలుగులో ఆ అర్థం కొంత పక్కకు జరిగి, పైపై సొగసు అనే భావం స్థిరపడింది. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ భేదాన్ని ప్రత్యేకంగా బోధించనవసరం లేదు. ఒక కొత్త వాహనాన్ని గూర్చి దాని అభిమానులు వెలిబుచ్చే అభిప్రాయాలలో ఈ రెండూ కలగలిసి ఉంటాయి. వాటిని వేరుచేసి చూడాలంటే ఆ వాహన నిర్మాణం కొంతైనా తెలిసి ఉండాలి. ఆ దృష్టితోనే ఈ వ్యాసంలో పికప్ ట్రక్కును పరిశీలిస్తున్నాము.

పాశమైలారం వాసులకు పికప్ బండి కొత్తది కాదు. పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినా సరుకు దించుతూనో, ఎక్కిస్తూనో ఒక బండి కనిపిస్తుంది. ముంబయి రహదారి వెంట పడమరగా సాగితే వచ్చే జహీరాబాదులో, 1980ల దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారంతో తేలికపాటి సరుకు వాహనాలను తయారుచేసింది. 1989లో ఆ వాహనాల తయారీ వ్యాపారం మహీంద్రా చేతికి వచ్చింది. కావున సరుకు బండి మన ప్రాంతపు జీవనంలో భాగమే. అయితే అభిమానులు చర్చించే పికప్ ఈ కోవకు చెందినది కాదు. దానిలో రెండు వరుసల ఆసనాలు, వెనుక సరుకు తొట్టి, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు ఉంటాయి. దారి లేనిచోట కూడా దారి చేసుకుని పోవడం దాని లక్ష్యం.

ఈ తరగతి వాహనానికి తెలుగునాట ఒక పుట్టినిల్లు ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. మరుసటి నెలలో అక్కడి నుండి "డీ-మాక్స్ వీ-క్రాస్" అనే పికప్ సుమారు 12.5 లక్షల రూపాయల ధరతో విడుదలైంది. 2022లో టొయోటా "హైలక్స్"ను మన దేశంలో ప్రవేశపెట్టింది. 2023 ఆగస్టు 15న మహీంద్రా సంస్థ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఇటువంటి పికప్ నమూనా నొకదానిని ప్రదర్శించింది. ప్రతి సందర్భంలోనూ అభిమానుల నోట దాదాపు ఒకే రకమైన మెప్పులు, ఒకే రకమైన ఫిర్యాదులు వినవచ్చాయి.

మొదటి మెప్పు దృఢత్వాన్ని గూర్చినది. ఇది నిరాధారం కాదు. సాధారణ కారులో పైతొడుగు, ఆధారం కలిసి ఒకే నిర్మాణంగా ఉంటాయి. పికప్‌లో నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం వేరుగా ఉండి, దానిపై పైభాగాన్ని బిగిస్తారు. గుంతలలో ఒక చక్రం లేచి మరొకటి దిగినప్పుడు కలిగే మెలికను ఆ చట్రం భరిస్తుంది. దీనికి తోడు తక్కువ నిష్పత్తి గేరు వేసినపుడు వేగం తగ్గి, చక్రాలను తిప్పే బలం పెరుగుతుంది. బురదలో నిదానంగా పైకి లాగే శక్తి అక్కడినుండే వస్తుంది.

ఇక మొదటి ఫిర్యాదు: "వెనుక కూర్చుంటే ఎగరవేస్తుంది." ఇదీ నిజమే. కాని దీనిని లోపమని వెంటనే తీర్మానించరాదు. వెనుక ఇరుసుకు కమాను పట్టీలు అమర్చడం బరువును మోయడానికి. తొట్టిలో తగిన బరువుంటే ఆ పట్టీలు వంగి కుదుపును మింగుతాయి. ఖాళీగా ఉంటే అవి బిగుసుకుని ఉండి, ప్రతి గుంతనూ ఆసనానికి చేరవేస్తాయి. అనగా, మెచ్చుకున్న మోతబలమూ, నిందించిన కుదుపూ ఒకే నిర్మాణానికి రెండు ముఖాలు. ఒకటి కావాలనువాడు రెండవదానికి సిద్ధపడవలసిందే.

రెండవ ఫిర్యాదు పొడవును గూర్చినది. వీ-క్రాస్ పొడవు సుమారు 5.3 మీటర్లు, ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లకు పైమాటే. ఇరుకు సందులలో తిప్పడం కష్టమన్నది అందరికీ తెలిసినదే. అంతగా తలపునకు రాని విషయం మరొకటి ఉంది. ఇరుసుల మధ్య దూరం ఎక్కువైన కొద్దీ, నిటారైన గట్టును దాటేటప్పుడు బండి నడుము నేలకు తగిలే అవకాశం హెచ్చుతుంది. నేలనుండి ఎంత ఎత్తుందన్న ఒక్క అంకె చూసి కొండదారికి యోగ్యమని నిర్ణయించరాదు.

అన్నింటికంటే ప్రమాదకరమైన అభిప్రాయం ఒకటి ఉంది: "నాలుగు చక్రాలకూ శక్తి అందితే ఎక్కడికైనా పోవచ్చు." నాలుగు చక్రాల శక్తి బండిని కదిలించడానికి తోడ్పడుతుంది; ఆపడానికి కాదు. తడిసిన రోడ్డుపై ఆగడం టైర్ల పట్టుపైనా, బ్రేకులపైనా, మన వేగంపైనా ఆధారపడుతుంది. పొడి తారురోడ్డుపై ఈ తరహా బండ్లను నాలుగు చక్రాల శక్తితో నడపరాదు కూడా. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడాకు వీలు లేక యంత్రభాగాలు బిగుసుకుంటాయి. ఇక హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోగలదన్న మాటను చూచి, వానాకాలంలో పొంగే వాగును ఎదుర్కొనవచ్చునని భ్రమపడరాదు. నిలిచిన నీరు వేరు, పారే నీరు వేరు. పారే నీరు బండిని పక్కకు నెట్టుతుంది, పైకి తేలుస్తుంది. అప్పుడు నేలను తాకని చక్రానికి ఎంత శక్తి ఉన్నా నిరుపయోగమే. మన తెలంగాణలో వర్షాకాలంలో కల్వర్టులపై వాహనాలు కొట్టుకుపోయిన వార్తలు ఎన్ని చదవలేదు!

తొట్టి విషయంలోనూ అంతే. అది సరుకు కోసం నిర్మించినది. అక్కడ బెల్టు లేదు, తలపై రక్షణ లేదు. పనివారినైనా, పెండ్లివారినైనా అందులో నింపి పోవడం ఏ అభిమానమూ సమర్థించలేని పని.

మన విద్యార్థులలో కొందరు రేపు ఈ యంత్రాలను తయారుచేస్తారు, కొందరు మరమ్మతు చేస్తారు, కొందరు అప్పు తెచ్చి కొంటారు. వీరందరికీ మేము చెప్పదలచినది ఒక్కటే. ఏ అభిప్రాయం విన్నా మూడు ప్రశ్నలు వేయండి: ఇది ఏ దారిపై నడిపి చెప్పిన మాట? ఎంత బరువుతో చెప్పిన మాట? నెలనెలా వాయిదా కట్టేవాడు చెప్పిన మాటా, చూచి ముచ్చటపడినవాడు చెప్పిన మాటా? ఈ మూడింటికీ సమాధానం చెప్పగలిగినది షౌక్. చెప్పలేనిది షోకు.