నొక్కేలోపే మాయమయ్యే మెరుపును ఫోటో ఎలా తీస్తారు?

ప్రశ్న: నిన్న రాత్రి అన్నాలు తినే వేళకు ఉన్నట్టుండి గాలి లేచి ఉరుములు, మెరుపులు మొదలయ్యాయి. నాన్న ఫోన్ తీసుకుని మెరిసినప్పుడల్లా నొక్కాను. ఒక్కటీ పడలేదు, అన్నీ నల్లటి ఫోటోలే. ఎందుకు? పేపర్లో వేసే మెరుపుల ఫోటోలు ఎలా తీస్తారు?
- ఏడో తరగతి విద్యార్థిని

జవాబు: ఫోన్‌లో లోపమేమీ లేదమ్మా. నీ వేలు నెమ్మదిగా కదిలిందనీ అనుకోకు. మెరుపును చూశాక నొక్కితే, ఎంత ఖరీదైన కెమెరా ఉన్నవాళ్లకైనా చాలాసార్లు నల్లటి ఆకాశమే పడుతుంది. ఎందుకో తెలియాలంటే మెరుపు ఎంతసేపు ఉంటుందో తెలియాలి. అంతకన్నా ముందు, పగలంతా ఎండ కాసిన ఆకాశంలోకి రాత్రికల్లా ఆ మబ్బు ఎలా వచ్చిందో చూద్దాం.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నానికి నేల కాలిపోతూ ఉంటుంది. ఆ నేలను తాకిన గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. అదే సమయానికి బంగాళాఖాతం మీది నుంచి తేమ గాలి వస్తే, ఆ తేమ కూడా దానితో పాటే పైకి పోతుంది. ఒంటికి చొక్కా అతుక్కుపోయేంత ఉక్కపోత ఉండే సాయంత్రాలు ఇలాంటివే. పైకి పోయేకొద్దీ చల్లదనం పెరుగుతుంది కాబట్టి ఆవిరి సన్నటి నీటి బిందువులై మబ్బు కడుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు కొంత వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, మబ్బు ఇంకా పెరుగుతుంది. ఇలా గంట, గంటన్నరలోనే అది 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు చేరిపోగలదు. దీన్నే క్యుములోనింబస్ (నిట్టనిలువుగా పెరిగే ఉరుముల మబ్బు) అంటారు. కొన్నిసార్లు అది పక్క జిల్లాలో పుట్టి, గాలివాటున జరుగుతూ రాత్రికి మన ఊరి మీదికి వస్తుంది. మనకేమో ఉన్నట్టుండి వచ్చినట్టు ఉంటుంది.

అంత ఎత్తున మబ్బు లోపల ఏం జరుగుతుంది? వేసవిలో కూడా మన నెత్తిన సుమారు 5 కిలోమీటర్ల పైన నీరు గడ్డకట్టేంత చలి ఉంటుంది. అక్కడ సన్నటి మంచు పలుకులు గాలితో పాటు పైకి పోతుంటాయి. వాటికన్నా బరువైన మెత్తటి మంచు ఉండలు కిందికి దిగుతుంటాయి. రెండూ దారిలో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అలా గుద్దుకున్నప్పుడల్లా కొంత విద్యుదావేశం ఒకదాని నుంచి ఇంకొకదానికి మారుతుంది. ఎక్కువగా రుణావేశం ఉండలకు, ధనావేశం పలుకులకు చేరుతుంది. పలుకులు పైకి పోతాయి కాబట్టి మబ్బు పైభాగంలో ధనావేశం, ఉండలు ఉండే కింది భాగంలో రుణావేశం పోగవుతాయి. మబ్బు కిందున్న నేల మీద దానికి వ్యతిరేకంగా ధనావేశం చేరుతుంది.

గాలి మామూలుగా కరెంటును పారనివ్వదు. ఆవేశం బాగా పేరుకుపోయాక మాత్రం అది నిలవలేదు. మబ్బులోంచి కంటికి ఆనని సన్నటి విద్యుత్ దారి ఒకటి దిగడం మొదలుపెడుతుంది. సుమారు 50 మీటర్లకు ఒక అంగ చొప్పున, మధ్యలో సెకనులో అతి చిన్న వంతు ఆగుతూ, పాయలు పాయలుగా చీలుతూ వస్తుంది. మబ్బు నుంచి నేల దాకా దిగడానికి దానికి పట్టేది సెకనులో సుమారు 50వ వంతు. అది నేలను సమీపించేసరికి తాటిచెట్టు, సెల్ టవర్ వంటి ఎత్తైన వాటి కొసల నుంచి కూడా చిన్న పాయలు పైకి లేస్తాయి. రెండూ కలిసిన చోట దారి పూర్తవుతుంది. అప్పుడు ఆ దారిలో సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కు అర ఆంపియర్ కూడా పట్టదు. ఆ ధాటికి దారిలోని గాలి 30,000 డిగ్రీల దాకా వేడెక్కి భగ్గుమంటుంది. నువ్వు చూసిన మెరుపు అదే. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు వచ్చే చప్పుడే ఉరుము. ఇంకో వింత కూడా ఉంది. మొదటి పెద్ద వెలుగు నేల దగ్గర మొదలై పైకి పాకుతుంది. అది ఎంత వేగమంటే, పైనుంచి పడిందో కింద నుంచి లేచిందో మన కన్ను పోల్చుకోలేదు.

కన్ను పోల్చుకోలేని సంగతిని ఎలా కనిపెట్టారంటే, ఫోటోల సాయంతోనే. 1880లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ అనే ఆయన మెరుపులను ఫోటో తీశాడు. అప్పటిదాకా చిత్రకారులు మెరుపును కోణాలు కోణాలుగా, రంపపు పళ్ల మాదిరి గీసేవారు. ఫోటోల్లో అలాంటి కోణాలే లేవు, వంకర్లు తిరుగుతూ పాయలుగా చీలిన గీత కనిపించింది. తర్వాత ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వెర్నన్ బాయ్స్, కటకాలు గిర్రున తిరుగుతూ ఉండే ప్రత్యేకమైన కెమెరా తయారుచేశాడు. కటకం కదులుతుంది కాబట్టి, ముందు వెలిగిన చోటు ఫిల్మ్ మీద ఒక దగ్గర, తర్వాత వెలిగిన చోటు కాస్త పక్కన పడుతుంది. 1930లలో దక్షిణాఫ్రికాలో బేసిల్ షోన్లాండ్ బృందం ఆ కెమెరాతోనే, మసక దారి అంగలు వేస్తూ దిగడాన్నీ, పెద్ద వెలుగు పైకి లేవడాన్నీ విడివిడిగా చూపించింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. ఆ పెద్ద వెలుగు సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. చాలా మెరుపుల్లో అదే దారిలో మూడు నాలుగు సార్లు వెలుగు పారుతుంది. మెరుపు రెపరెపలాడినట్టు కనిపించేది అందుకే. అన్నీ కలిపినా సాధారణంగా అర సెకను లోపే ముగిసిపోతుంది. మరి నీ సంగతి? కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు కదలడానికి కనీసం సెకనులో ఐదో వంతు పడుతుంది. నొక్కాక ఫోన్ కూడా కాస్త సమయం తీసుకుంటుంది. నువ్వు నొక్కే సమయానికి అక్కడ మెరుపు లేదు. ఫోన్ లేనిదాన్ని లేనట్టే చూపించింది.

చూశాక నొక్కితే అందదు కాబట్టి, చూడకముందే కెమెరాను తెరిచి పెట్టాలి. వాన మొదలయ్యాక చినుకు వెంట గిన్నె పట్టుకుని పరుగెత్తం కదా, ముందే చూరు కింద పెట్టి ఉంచుతాం. కెమెరాలో షట్టర్ (కాంతిని లోపలికి వదిలే తలుపు) ఉంటుంది. పగటిపూట అది రెప్పపాటు కన్నా తక్కువసేపు తెరుచుకుంటుంది. రాత్రి చీకట్లో దాన్ని 10, 20 సెకన్లు తెరిచి ఉంచినా ఫోటో పాడవదు, ఎందుకంటే లోపలికి రావడానికి పెద్దగా వెలుతురే లేదు. ఆ వ్యవధిలో ఎప్పుడు మెరిసినా ఫోటోలో పడుతుంది. పగటి మెరుపు కన్నా రాత్రి మెరుపు ఫోటోకు సులువు కావడానికి కారణం ఈ చీకటే.

ఇక్కడ ఒక కిటుకుంది. షట్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచినా మెరుపు గీత కాంతి పెరగదు, తగ్గదు. అది వచ్చిపోయేది సెకనులో వెయ్యో వంతులో కదా. సమయం పెంచితే పెరిగేవి వీధి దీపాలు, మబ్బుల వంటి నిలకడైన వెలుగులు మాత్రమే. అందుకని పట్నంలో 5, 8 సెకన్లు చాలు. దీపాలు లేని పల్లెలో 20, 30 సెకన్లు పెట్టవచ్చు. మెరుపు గీత కాంతిని అదుపు చేసేవి ఎపర్చర్ (కాంతి దూరే రంధ్రం సైజు), ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి). మెరుపులు దగ్గరగా ఉంటే ఎపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100తో మొదలుపెట్టాలి. దూరంగా ఉంటే ఎఫ్/5.6, ఐఎస్ఓ 200 నుంచి 400 దాకా. చీకట్లో కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోలేదు కాబట్టి, దూరంగా ఉన్న ఒక దీపం మీద ఫోకస్ కుదిర్చి, ఆటో ఫోకస్ ఆపేయాలి. ట్రైపాడ్ (కెమెరాను నిలబెట్టే ముక్కాలి స్టాండు) లేకపోతే బల్ల మీద పుస్తకాలు పేర్చి ఆనించినా చాలు. ఇక ఒక ఫోటో తర్వాత ఒకటి దానంతటదే తీసుకునేలా పెట్టి వదిలేయడమే. చాలా ఫోటోలు ఖాళీగానే వస్తాయి. వాటిని తర్వాత తీసేయవచ్చు.

నాన్న ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (ఈ అమరికలను మనమే మార్చుకునే వీలు) ఉంటే ఇవన్నీ అందులోనూ చేయవచ్చు. లేకపోతే వీడియో తీయి. వీడియో అంటే సెకనుకు సాధారణంగా 30 బొమ్మలు. తర్వాత మెల్లగా ఒక్కో బొమ్మనే జరుపుతూ చూస్తే మెరుపు ఉన్నది దొరుకుతుంది. ఒక్కోసారి బొమ్మలో సగం తెల్లగా, సగం నల్లగా ఉండి, మధ్యలో కత్తిరించినట్టు అడ్డగీత కనిపిస్తుంది. ఫోన్ బొమ్మను ఒకేసారి కాక పైనుంచి కిందికి వరుస వెంట వరుసగా తీసుకుంటుంది. సగం వరుసలు అయ్యాక మెరుపు వస్తే మిగతా సగమే వెలుగుతుంది.

ఇక చాలా ముఖ్యమైన మాట. వేలి కన్నా వేగమైన మెరుపు కాలి కన్నా కూడా వేగమైనదే. పిడుగు పడేటప్పుడు చూసి తప్పుకునే వీలుండదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. దేశంలో ఏటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. పొలాల్లో, చెట్ల కింద ఉన్నప్పుడు పోయినవాళ్లే ఎక్కువ.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. అయితే ఆ లెక్క ధైర్యం తెచ్చుకోవడానికి కాదు. వాన పడే చోటుకు 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు. ఉరుము చెవిన పడిందంటే నువ్వు దాని పరిధిలో ఉన్నట్టే. ఉరుములకు పెద్దవాళ్లు అర్జునుడి పేర్లు తలుచుకోమంటారు. తలుచుకో, కానీ ఇంట్లోకి వచ్చి తలుచుకో. డాబా మీద, చెట్టు కింద, వాకిట్లో ఉండకూడదు. మూసిన కిటికీ ముందు కెమెరాను అద్దానికి దగ్గరగా పెట్టి, గదిలో లైట్లు ఆర్పితే అద్దంలో మన నీడలు పడవు. పెట్టాక నువ్వు కిటికీకి, ఇనుప ఊచలకు, కుళాయిలకు దూరంగా వచ్చి కూర్చో. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వెళ్లవద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. నాన్న ఫోన్‌లో అది వేయించు.

అన్నిటికన్నా మంచి ఫోటోలు దూరపు మబ్బువే. ఉరుము సాధారణంగా 15, 20 కిలోమీటర్లు దాటి వినిపించదు, కాని రాత్రివేళ మెరుపు వెలుగు 100 కిలోమీటర్ల నుంచి కూడా కనిపిస్తుంది. అంత దూరాన ఉంటేనే మబ్బు అడుగు నుంచి తల దాకా, లోపల్లోపల వెలుగుతూ, మొత్తం ఫోటోలో ఇముడుతుంది. ఈసారి ఆకాశం అంచున చప్పుడు లేకుండా మెరుస్తుంటే, అమ్మకో నాన్నకో చెప్పి ముందే కెమెరా సిద్ధం చేసుకో. మబ్బు ఇటే వస్తుందో లేదో గమనించడానికీ, వస్తే తలుపులు వేసుకోవడానికీ నీకు సమయం ఉంటుంది.