రిమోటు లోపలి రాగి ముగ్గు

పాడైపోయిన టీవీ రిమోటును రిపేరు షాపులో విప్పినప్పుడు లోపల ఒక పలక కనిపిస్తుంది, చూసే ఉంటారు. దాని నిండా చుక్కలు, చుక్కల్ని కలుపుతూ సన్నటి గీతలు. అచ్చం మన వాకిట్లో ముగ్గులాగే! తేడా ఒక్కటే. మెలికల ముగ్గులో గీత మీదుగా గీత పోతేనే అందం. ఈ రాగి గీతల్లో సంబంధం లేనివి రెండు తగిలాయంటే షార్ట్ సర్క్యూట్. అచ్చయి వచ్చిన పలకలన్నీ చెత్తబుట్టకే.

ఈ ముగ్గును ఇప్పుడు కంప్యూటర్లో గీస్తారు. గీయించే సాఫ్ట్‌వేర్ రాయడమే అసలు కష్టం. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు దారి వెతకడం పెద్ద పనేం కాదు. పలకను గళ్ళుగా విడగొట్టి, బయల్దేరిన గడి పక్కవాటికి 1, వాటి పక్కవాటికి 2, ఇలా నీళ్ళు పారినట్టు అంకెలు వేసుకుంటూ పోతే గమ్యం దొరుకుతుంది. అంకెలు దిగుతూ వెనక్కి వస్తే అదే దగ్గర దారి. సి.వై. లీ 1961లోనే ఈ పద్ధతిని ప్రచురించారు.

చిక్కంతా రెండో గీతతో మొదలు. ముందు వేసింది తర్వాతి దానికి గోడ అవుతుంది. పండక్కి చుట్టాలందరికీ ఒకే గదిలో పక్కలు వేశామనుకోండి. ముందొచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే పడుకుంటే వెనకొచ్చినవాళ్ళు లోపలికి పోయేదెలా? ఏది ముందో, ఏది వెనకో తేల్చాలంటే పది గీతలకే 36,28,800 వరసలు! పలకకు రంధ్రం పెట్టి గీతను అడుగువైపుకి దించొచ్చు. కానీ ప్రతి రంధ్రమూ చోటు తింటుంది.

ఇంకో తలనొప్పి కొలతలు. మీ టైలరింగు టేపుకి ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు ఉంటాయి కదా, ఇక్కడా అంతే. పాత విడిభాగాల కాళ్ళ మధ్య దూరం అంగుళంలో పదోవంతు, కొత్తవాటికి మిల్లీమీటర్ల లెక్క. ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన 'కీక్యాడ్' చాలా ఏళ్ళు అంగుళంలో పదివేలో వంతునే కొలతగా వాడింది. ఆ లెక్కన 0.1 మిల్లీమీటరు 39.37 అవుతుంది. భిన్నాలు దాచుకోదు గనక 39 చేసేస్తుంది. జాకెట్టు చంక దగ్గర ఆ కాస్త తేడా ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత నానోమీటరుకి మారారు. అంగుళానికి సరిగ్గా 2,54,00,000, మిల్లీమీటరుకి 10,00,000. రెండూ కుదిరాయి. బదులుగా పలక సుమారు నాలుగు మీటర్ల దాకానే ఉండాలి. అంతకన్నా పెద్దది ఎవరికి కావాలి లెండి!

2015లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో సెర్న్ పరిశోధనశాల ఇంజినీర్ల పనితనం చూడాలి. మీరు గీత లాగుతుంటే అడ్డొచ్చినవి "కాస్త జరగండమ్మా" అన్నట్టు పక్కకు తప్పుకుంటాయి. జరిగింది ఇంకోదాన్ని నెట్టాలి, చోటు చాలకపోతే అన్నీ వెనక్కి రావాలి. అదంతా మౌస్ కదిలేలోపే!

కీక్యాడ్ పూర్తిగా ఉచితం. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయి ఉంటే తెరిచి చూపించమనండి. అన్ని గీతలూ తనే వేసేసే మీట మాత్రం అందులో వెతక్కండి. అది కావాలంటే వేరే ప్రోగ్రామ్ తెచ్చుకోవాల్సిందే.