ఎర్ర దుస్తుల చిన్నవాడు

పసిపిల్లల బొమ్మ వేయడం సులభమని చాలామంది అనుకుంటారు. బుగ్గలు గుండ్రంగా దిద్ది, పెదవిమీద ఒక చిరునవ్వు అద్దితే చాలునట! అంతకు మించి ఏముందో తెలియాలంటే, స్పెయిన్ దేశపు చిత్రకారుడు గోయా 1787-88 ప్రాంతంలో వేసిన మనుయేల్ ఓసోరియో చిత్రాన్ని చూడాలి. నాలుగడుగులకు పైబడిన ఈ తైలవర్ణ చిత్రం ఇప్పుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మనుయేల్ ఆల్తమీరా ప్రభువు కుమారుడు. చిత్రంలో మూడు నాలుగేళ్లవాడు. మెడ నుంచి మడమల దాకా ఎర్రని దుస్తులు. వెనుక తలుపు లేదు, తెర లేదు. ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు తప్ప మరేమీ లేదు. అందుకే ఆ ఎరుపు మన చూపును కట్టివేస్తుంది. నడుముకు చుట్టిన పట్టుగుడ్డ, మెడచుట్టూ లేసు దగ్గరగా చూస్తే కుంచె విదిలింపులే. రెండడుగులు వెనక్కు వేస్తే పట్టు మెరుస్తుంది, లేసు పలచబడుతుంది. ముఖానికి మాత్రం కుంచె జాడ తెలియనంత మెత్తగా రంగు పూశాడు. ఆ ముఖంలో నవ్వు లేదు. పెద్ద పెద్ద నల్లని కళ్లు ఆటమీద లేవు.

ఇక కిందికి చూడండి. మన పిల్లలు తూనీగకు దారం కట్టినట్లు, వాడు ఒక కాకిజాతి పక్షి కాలికి దారం కట్టి పట్టుకున్నాడు. దాని ముక్కున ఉన్న కార్డుమీద గోయా పేరు! చిత్రకారుడి సంతకమే అది. ఒక పక్క పంజరంలో చిన్న పిట్టలు. రెండో పక్క చీకట్లో పిల్లులు. రెండింటి కళ్లు పక్షిమీదనే ఉన్నాయి. మూడోది నల్లపిల్లి, నిదానించి చూస్తే గాని కనబడదు.

ఈ చిత్రానికి ప్రాణం ఆ చీకటి మూలలో ఉంది. వెలుగంతా బాలుడిమీద, భయమంతా నీడలో. వాడు దారం వదిలితే ఏమవుతుందో మనకు తెలుసు, వాడికి తెలియదు. పసితనపు అమాయకత్వాన్ని ఇంత బాధగా చెప్పిన చిత్రాలు అరుదు.

1784లో పుట్టిన మనుయేల్ 1792లో, ఎనిమిదేళ్లకే కన్నుమూశాడు. ఆ సంగతి గోయా ముందుగా ఎరుగడు. కాని బిడ్డలను పోగొట్టుకోవడం అతడికి తెలియనిది కాదు. అతడి సంతానంలో పెరిగి పెద్దవాడైనది హావియేర్ ఒక్కడే. అతడూ 1784లోనే పుట్టాడు. ఎదుట నిలబడిన ప్రభువు బిడ్డది తన కొడుకు ఈడే. ఆ మూడో పిల్లిని చీకట్లో దాచిన చెయ్యి చిత్రకారుడిదే కాదు, ఒక తండ్రిది కూడా.