విదేశ విద్య – దేహరక్షణ

మండుటెండలకు అలవాటుపడిన మన తుమ్మలపల్లె విద్యార్థికి మంచు కురిసే దేశం కొత్త. చలికి ఒక్క దళసరి కోటుకంటె పొరలుపొరలుగా వేసికొనిన దుస్తులు మేలు. మందుల వ్యాపారనామాలు దేశదేశానికి మారును గనుక వైద్యుని చీటీలో మందు అసలు పేరు వ్రాయించుకొనవలెను.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తగా విమానయానం నిలిచిపోయినది. అచ్చట చదువుతున్న తెలుగు విద్యార్థులెందరో నేలమాళిగలలో తలదాచుకొని, సరిహద్దులు దాటి, ‘ఆపరేషన్ గంగ’ విమానాలలో స్వదేశం చేరినారు. కావున పాస్‌పోర్టు చేతికందు చోటనే ఉంచి, దాని నకలు ఇంట భద్రపరుపవలెను. చేరిన వెంటనే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకొనవలెను; జాడ తెలియనివానికి సాయమందించుట దుర్లభం.

జబ్బును దాచి ‘బాగున్నాను’ అని ఇంటికి చెప్పుట ధైర్యం కాదు. మేము విన్నవించునది ఒక్కటే: పట్టా మరుసటి ఏడాదైనా వచ్చును, పోయిన ప్రాణం రాదు.