అమ్ముడుపోని ఇంటి రోజుల లెక్క

అమెరికాలో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు దాని వివరాలు సాధారణంగా మల్టిపుల్ లిస్టింగ్ సర్వీస్ అనే ఉమ్మడి జాబితాలోకి చేరతాయి. ఒక ప్రాంతంలోని ఏజెంట్లు కలిసి వాడుకునే ఈ జాబితాలో ఇంటి ధర, గదుల సంఖ్య, స్థలం విస్తీర్ణం, ఏటా కట్టవలసిన పన్ను వంటి వాటితో పాటు, ఇల్లు అమ్మకానికి వచ్చి ఎన్ని రోజులైందో చెప్పే అంకె కూడా ఒకటి ఉంటుంది. దీనిని అక్కడ ‘డేస్ ఆన్ మార్కెట్’ అంటారు; తెలుగులో అమ్మకపు రోజులు అనుకోవచ్చు. మిగిలిన వివరాలన్నీ ఇంటి గురించి చెబుతుండగా, ఈ అంకె మాత్రం ఆ ఇంటిని అంతవరకు చూసి కొనకుండా వెళ్లినవారి గురించి కూడా ఎంతో కొంత చెబుతుంది. అందువల్లనే కొనేవారు దానిని ధర తరువాత అంత శ్రద్ధగానూ చూస్తారు, ఒక్కోసారి దానికి తగని అర్థమూ కట్టబెడతారు.

అంకె ఒకటే అయినా కాలాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. అమెరికా జాతీయ రియల్టర్ల సంఘం లెక్కల ప్రకారం 2022 జూన్‌లో పాత ఇళ్లు సాధారణంగా 14 రోజుల్లోనే ఒప్పందానికి వచ్చేవి. గృహ రుణాల వడ్డీ బాగా పెరిగి, చలికాలం కూడా తోడైన 2023 జనవరిలో అదే లెక్క 33 రోజులకు చేరింది. నలభై రోజులుగా నిలిచిపోయిన ఇల్లు మొదటి సందర్భంలో అనుమానానికి తావిస్తుంది, రెండవ సందర్భంలో మాత్రం నలుగురితో పాటు నడుస్తున్నదే అవుతుంది. కాబట్టి ఏ ఇంటి రోజులనైనా అదే ఊరిలో, అదే ధరల శ్రేణిలో, అదే రుతువులో అమ్మకానికి ఉన్న ఇళ్ల రోజులతో పోల్చి చూడాలి.

రోజులు గడిచేకొద్దీ ఆసక్తి ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు వెంటనే తోచే జవాబు, జనం ఆ ఇంట్లో ఏదో లోపం ఉందని అనుకుంటారన్నది. అయితే ఎవరూ ఏమీ అనుమానించకపోయినా ఆసక్తి తగ్గుతుందని ఆర్థికశాస్త్రంలోని ఒక వివరణ చూపుతుంది. ఏ ఊరిలోనైనా కొంతమంది కొనుగోలుదారులు నెలల తరబడి వెతుకుతూ, ఉన్న ఇళ్లన్నీ చూసేసి, తమకు నచ్చినది దొరకక కొత్తవాటి కోసం కాచుకుని ఉంటారు. కొత్త ఇల్లు జాబితాలోకి రాగానే వీరంతా మొదటి వారాంతంలోనే దానిని చూడటానికి వస్తారు, వారిలో నచ్చినవారు ధర చెబుతారు, నచ్చనివారు మళ్లీ ఆ ఇంటి వైపు తిరిగి చూడరు. ఆ తరువాత ఆ ఇంటికి మిగిలేది, ఆ ఊరిలో కొత్తగా వెతకడం మొదలుపెట్టిన కొద్దిమందే. పేరుకుని ఉన్న కొనుగోలుదారులు కొత్త సరుకుతోనూ, పేరుకుపోయిన సరుకు కొత్త కొనుగోలుదారులతోనూ జతపడే ఈ తీరును మెల్విన్ కోల్స్, ఎరిక్ స్మిత్ అనే ఆర్థికవేత్తలు 1998లో ఒక నమూనాగా వివరించారు. మొదటి రెండు వారాల సందడి మూడవ వారంలో ఒక్కసారిగా ఆగిపోవడం చూసి కంగారుపడే యజమానులు ఈ విషయాన్ని తెలుసుకోవడం ఎంతో అవసరం, ఎందుకంటే అప్పటికి ఇంటిలో గానీ దాని పేరులో గానీ మారినదేమీ ఉండదు.

అనుమానం పని చేయడం ఆ తరువాత మొదలవుతుంది. మసాచుసెట్స్ వంటి చలి ప్రాంతాలలో ఇళ్లకు సాధారణంగా నేల కింద బేస్‌మెంట్ ఉంటుంది. దాని గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర కనిపించినా, మూలన తేమ పీల్చే యంత్రం ఆగకుండా తిరుగుతున్నా, చూడవచ్చినవారిలో అనుభవం ఉన్నవారు వెంటనే గుర్తుపడతారు, లేనివారికి అది పట్టదు. ఆ రెండవ రకం కొనుగోలుదారు తొంభై రోజులుగా అమ్ముడుపోని ఇంటి ముందు నిలబడినప్పుడు, తనకు కనిపించనిదేదో తనకన్నా ముందు వచ్చినవారికి కనిపించి ఉంటుందని ఊహించుకోవడం అసహజమేమీ కాదు. ఇతరులు చేసిన పనిని చూసి, వారికి తెలిసినదేమిటో ఊహించి, తన కళ్లకన్నా ఆ ఊహనే నమ్మే ఈ ప్రవర్తనకు 1992లో ఒక సరళమైన గణిత రూపం ఇచ్చినది ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ. అప్పటికి ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఇంకా 27 ఏళ్లున్నాయి. ఇంటి అమ్మకపు రోజులను నాణ్యతకు సూచికగా చదివే తీరును మరో ఆర్థికవేత్త కర్టిస్ టేలర్ 1999లో ప్రత్యేకంగా విశ్లేషించారు. ఆ విశ్లేషణలో కొనేవారికి ఎంతో పనికివచ్చే అంశం ఒకటుంది: మొదట చెప్పిన ధర ఎంతో చూసేవారికి తెలిసినప్పుడు, ఆ ధర ఎక్కువగా ఉంటే, ఇల్లు నిలిచిపోవడాన్ని వారు లోపానికి కాక ధరకే ఆపాదించగలరు. అంటే ధరల చరిత్ర పక్కన లేని రోజుల లెక్క సగం సమాచారమే.

నిజానికి నిలిచిపోయిన ఇళ్లలో చాలావాటి కథ ధరతోనే మొదలవుతుంది. 1990ల బోస్టన్ అపార్ట్‌మెంట్ల అమ్మకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్, తాము కొన్న ధరకన్నా తక్కువకు అమ్మవలసిన పరిస్థితిలో ఉన్న యజమానులు, ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం మేర అదనంగా కలిపి ధర చెబుతున్నారని 2001లో చూపారు. వారి ఇళ్లు ఎక్కువ కాలం నిలిచిపోయాయి, అయినా అమ్ముడైనప్పుడు కొంత ఎక్కువ ధరే పలికాయి. అక్కడ రోజులు పెరగడానికి కారణం యజమాని మనసులో నాటుకున్న పాత కొనుగోలు ధర తప్ప గోడలో పగులు కాదు. అందరికీ సరిపోయే నమూనాలో కట్టని ఇళ్లకు కూడా ఇదే గతి పడుతుంది. వింత ఆకారపు గదులున్న ఇంటిని మెచ్చే మనిషి ఊరిలో ఏ ఒకరిద్దరో ఉంటారు, వారు వచ్చేదాకా ఆ ఇల్లు ఆగవలసిందే. ఇక ఏజెంట్లు సొంత ఇళ్లు అమ్ముకునేటప్పుడు ఏం చేస్తారన్నది ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో పరిసరాల్లోని దాదాపు లక్ష అమ్మకాల ఆధారంగా 2008లో వెల్లడించారు. ఏజెంట్ల సొంత ఇళ్లు ఇతరుల ఇళ్లకన్నా సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ నిలిచి, 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముడయ్యాయి. మార్కెట్‌ను అందరికన్నా బాగా ఎరిగినవారే మరికొన్ని రోజులు ఆగడానికి సిద్ధపడుతున్నారన్న ఈ ఫలితం, ఆలస్యమంటేనే లోపమన్న నమ్మకానికి గట్టి సవాలు.

అయినా కొనేవారి అనుమానం ఎంత బలమైనదో అమ్మేవారికి తెలుసు. అందుకే అమెరికాలో చాలాకాలం ఒక అలవాటు సాగింది. ఉదాహరణకు 140 రోజులుగా జాబితాలో ఉన్న ఇంటిని ఏజెంటు ఉపసంహరించి, కొద్ది రోజుల తరువాత కొత్త జాబితా సంఖ్యతో మళ్లీ నమోదు చేసేవాడు. ఫోటోలు అవే, వంటగది అదే, ధర కూడా దాదాపు అదే; రోజుల గడిలో మాత్రం సున్నా. మసాచుసెట్స్‌లోని లిస్టింగ్ సంస్థ 2006 ఏప్రిల్‌లో ఈ దారిని మూసివేసి, తిరిగి నమోదు చేసినంత మాత్రాన పాత రోజులు చెరిగిపోకుండా చేసింది. పొరుగునే ఉన్న రోడ్ ఐలాండ్‌లో అటువంటి మార్పు రాలేదు కాబట్టి, రెండు రాష్ట్రాలనూ పోల్చి చూసే అరుదైన అవకాశం దొరికింది. పరిశోధకులు కేథరిన్ టకర్, జువాన్‌జువాన్ ఝాంగ్, టింగ్ ఝూ ఆ పోలికను చేసి 2013లో ప్రచురించారు. వారి లెక్కలో మసాచుసెట్స్ ఇళ్ల అమ్మకపు ధర రోడ్ ఐలాండ్‌తో పోలిస్తే సగటున 16,000 డాలర్లు తగ్గింది. ఇంటి గోడలు మారలేదు, కప్పు మారలేదు. కొనేవారికి కనిపించే ఒక అంకె నిజం చెప్పడం మొదలుపెట్టింది, అంతే. ఆ తగ్గుదల అమ్మేవారికి నష్టమే అయినా, అంతవరకు ఆ మొత్తాన్ని తెలియక చెల్లించినవారు కొనుగోలుదారులే కాబట్టి, ఈ మార్పు న్యాయమైనదనే చెప్పాలి. ప్రతి ప్రాంతపు జాబితాకూ దాని సొంత నియమాలున్నందున, మొత్తం రోజులను కలిపి చూపే లెక్క ఉందో లేదో అమెరికాలో ఇల్లు వెతుకుతున్న తెలుగు కుటుంబాలు తమ ఏజెంటును అడిగి తెలుసుకోవడం మంచిది. అయితే ఆ లెక్క పెద్దదైనంత మాత్రాన ఇంట్లో లోపం ఉన్నట్టు కాదు: తూర్పు ముఖం ఇంటి కోసమే పట్టుబట్టే కుటుంబాలు ఎక్కువగా ఉన్న కాలనీలలో దక్షిణ ముఖం ఇల్లు ఆలస్యంగా అమ్ముడవుతుంది, ఆ ఆలస్యానికి కట్టుబడి నాణ్యతతో సంబంధమే ఉండదు. వాస్తు పట్టింపు లేనివారికి అది మంచి బేరం కావచ్చు.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖపట్నంలో ఇటువంటి అంకె ఎక్కడా అధికారికంగా కనిపించదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రధానంగా కొత్త ప్రాజెక్టులనూ వాటిని కట్టేవారినీ నియంత్రిస్తుంది. ఒక కుటుంబం తాము ఉంటున్న పాత ఫ్లాటును అమ్ముకోవడం చాలావరకు దాని పరిధిలోకి రాదు. వెబ్‌సైట్లలోని ప్రకటనలను ఎన్నిసార్లైనా కొత్తగా పెట్టవచ్చు, ఒకే ఇల్లు నలుగురు మధ్యవర్తుల దగ్గర నాలుగు ధరలకు ఉండవచ్చు. అందువల్ల ఇల్లు ఎంతకాలంగా అమ్మకానికి ఉందన్న విషయం వాచ్‌మన్ నోట, పక్కింటివారి నోట, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నోట వినవలసిందే. పైగా ఇక్కడ ఆలస్యం రేపే అనుమానం వేరు. బోస్టన్‌లో కొనేవారు బేస్‌మెంట్ తేమను తలచుకుంటే, ఇక్కడివారు ముందుగా అనుకునేది ‘ఏదో లిటిగేషన్ ఉండి ఉంటుంది’ అని. ఆ అనుమానాన్ని కొంతవరకు కాగితాలతోనే తీర్చుకోవచ్చు: లింక్ డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా, మంజూరైన ప్లానుకూ కట్టిన అంతస్తులకూ పొంతన ఉందా అన్నది ఎవరైనా చూసుకోగలరు, 1983 నుంచి రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అయితే రిజిస్టరు కాని అమ్మకపు అగ్రిమెంటు గానీ, వాటా కోసం అన్నదమ్ముల మధ్య నలుగుతున్న తగాదా గానీ ఈసీలో కనిపించదు. ధర అందుబాటులో ఉండి, కాగితాలు శుభ్రంగా ఉండి కూడా ఒక ఇల్లు ఏడాదిగా నిలిచిపోయిందని తెలిసినప్పుడు, అడ్వాన్సు ఇచ్చే ముందే అంతకుముందు బేరం ఎక్కడ, ఎవరితో, ఎందుకు తెగిపోయిందో యజమానిని సూటిగా అడగవలసిన అవసరం అక్కడే వస్తుంది.