వీణ సముద్రం దాటాలంటే...

వానాకాలంలో ఇంటి తలుపు బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. వేసవిలో చిటికెన వేలితో నెట్టినా తెరుచుకున్న తలుపు, శ్రావణమాసం వచ్చేసరికి భుజం పెట్టి తోస్తే గాని కదలదు. "వడ్రంగిని పిలిచి కాస్త చిత్రిక పట్టించాలి" అంటుంది అమ్మ. "ఎండలొస్తే అదే సర్దుకుంటుందిలే" అంటారు నాన్న. ఇద్దరి మాటా నిజమే. ఎందుకో చెప్పగలరా? చెప్పలేకపోయినా ఫరవాలేదు. ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీరే చెబుతారు. ఎందుకంటే, మీ తలుపును బిగించిన కారణమే ఒకసారి 13 వేల కిలోమీటర్ల దూరాన ఒక వీణను పగలగొట్టింది.

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి పేరు వినగానే మనకు 1757 నాటి యుద్ధం గుర్తుకొస్తుంది. ఆ తర్వాత గుర్తుకొచ్చేది వీణ. బొబ్బిలికి దగ్గరలోని గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్న కుటుంబాలున్నాయి. పనస దుంగను తొలిచి కుండ, దండి, చివరన ఉండే యాళి ముఖం అన్నీ ఒకే కర్రలో మలిచిన వీణను ఏకాండి వీణ అంటారు. ఈ వీణలను మన దేశంలోనే కాదు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు కూడా కోరి తెప్పించుకుంటారు.

మా ప్రాంతంలో వీణలు చేసే ఒకాయన నాకు బాగా తెలుసు. ఆయన కొడుకు నా దగ్గరే పదో తరగతి చదివాడు. కొన్నేళ్ల కిందట అమెరికాలోని షికాగో నుంచి ఒక తెలుగు కుటుంబం తమ అమ్మాయి కోసం ఆయనకు ఒక వీణ పురమాయించింది. ఆయన శ్రద్ధగా చేసి, చెక్కపెట్టెలో గడ్డి సర్ది, సెప్టెంబరులో ఓడకు పంపాడు. నవంబరు చివర పెట్టె అక్కడికి చేరింది. తెరిచి చూస్తే కుండమీది పలకలో జానెడు పొడవున చీలిక! మెట్లు కొన్ని పక్కకు ఒరిగిపోయాయి. సొరకాయ బుర్ర అంచు పగిలింది. వాళ్లు పంపిన ఫోటోలు ఫోనులో చూపిస్తూ ఆయన నన్ను అడిగిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది.

"నా చేతిలోంచి వెళ్లేటప్పుడు నిక్షేపంలా ఉంది మాస్టారూ. దారిలో దానికేమైంది?"

తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలి. చేసిన కష్టం పోయింది. అంతకంటే, తన పనితనంలోనే లోపముందని కొనుగోలుదారు అనుకుంటాడేమోనని ఆయన బాధ. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం రండి. అది మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది.

చెక్క నీళ్లు తాగుతుంది

చెట్టును కొట్టి, కోసి, ఎండబెట్టిన తర్వాత కూడా చెక్కలో కొంత నీరు మిగిలే ఉంటుంది. ఆ నీరు ఎంత అన్నది చుట్టూ ఉన్న గాలి తేమను బట్టి మారుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్నచోట చెక్క తన పొడి బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. ఆర్ద్రత 30 శాతానికి పడిపోతే చెక్కలోని నీరు మెల్లగా 6 శాతానికి దిగుతుంది.

నీరు చేరితే చెక్క ఉబ్బుతుంది, పోతే కుంచించుకుపోతుంది. అయితే అన్ని దిక్కులా ఒకేలా కాదు. పోగు వెంబడి, అంటే పొడవునా, మార్పు దాదాపు ఉండదు. పోగుకు అడ్డంగా మాత్రం చాలా రకాల కర్రల్లో ప్రతి 1 శాతం తేమ మార్పుకూ వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుంది. మీ తలుపు బిగుసుకున్నదీ అందుకే.

ఇప్పుడు వీణకు లెక్క కడదాం. కుండమీది పలక వెడల్పు 35 సెంటీమీటర్లు అనుకోండి. కోస్తా వానల్లో దాని తేమ 16 శాతం. షికాగో చలికాలపు గదిలో 6 శాతం. తేడా 10. అంటే వెడల్పులో 2 శాతం, అక్షరాలా 7 మిల్లీమీటర్లు తగ్గాలి. కాని పలక అంచులు కుండకు జిగురుతో అతికి ఉన్నాయి. కదలడానికి దారి లేదు. కుంచించుకుపోవాలనే చెక్కకూ, వదలనంటున్న జిగురుకూ మధ్య పెనుగులాటలో చివరకు చెక్కే చీలింది.

"షికాగోలో మంచు కురుస్తుంది గదా, అక్కడ గాలి పొడిగా ఎందుకుంటుంది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి 5 గ్రాముల కంటే తక్కువ నీటి ఆవిరినే మోయగలదు. ఆ గాలిని ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడి చేస్తారు. 22 డిగ్రీల గాలికి 19 గ్రాములకు పైగా మోసే శక్తి ఉంది. ఉన్నది మాత్రం ఆ 5 గ్రాములే. సాపేక్ష ఆర్ద్రత సుమారు 25 శాతం! బయట మంచు, లోపల ఎడారి.

ఇనుప పెట్టెలో వాన

ఇక ఓడ ప్రయాణం చూద్దాం. బొబ్బిలి నుంచి విశాఖపట్నం రేవు వంద కిలోమీటర్లకు పైగా. అక్కడ సరుకును ఇనుప కంటైనరులోకి ఎక్కిస్తారు. 20 అడుగుల కంటైనరు లోపలి ఘనపరిమాణం సుమారు 33 ఘనమీటర్లు. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం ఆర్ద్రతలో తలుపులు మూశారనుకోండి. ఒక్కో ఘనమీటరులో 24 గ్రాముల చొప్పున లోపలి గాలిలో దాదాపు 800 గ్రాముల నీటి ఆవిరి చిక్కుతుంది.

ఓడ చల్లటి సముద్రంలోకి వెళ్లాక రాత్రి కంటైనరు 15 డిగ్రీలకు చల్లబడితే? ఆ గాలి ఇప్పుడు 420 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 380 గ్రాములు చల్లటి ఇనుప కప్పుమీద బొట్లు కట్టి సరుకుమీద రాలుతాయి. అట్టపెట్టెలూ, సరుకు కింద వేసే చెక్కలూ పగటి వేడికి మరికొంత ఆవిరి వదులుతాయి. ఓడ సిబ్బంది దీన్ని "కంటైనరు వాన" అంటారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా పెట్టె లోపల వాన పడుతుందన్నమాట! మన వీణ చుట్టూ ఉన్న గడ్డి ఆ నీటిని పీల్చుకుని, దానికి తడిగుడ్డ చుట్టినట్టు చేసింది. అంత తడిసిన వీణను ఒక్కసారిగా పొడి గదిలో తెరిచారు.

మెట్లు ఎందుకు ఒరిగాయి?

వీణకు 24 మెట్లు. ఆ ఇత్తడి మెట్లను దండిమీద మేకులతో కొట్టరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్దలో నిలబెడతారు. తేనెమైనం ద్రవీభవన స్థానం 62 నుంచి 64 డిగ్రీలు. కాని కరగడానికి చాలా ముందే అది మెత్తబడుతుంది. ఎండలో ఉన్న కంటైనరు కప్పు దగ్గర గాలి 60 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. మెత్తబడిన మైనంలో, ఓడ ఊగుతూ ఉంటే, మెట్లు నిటారుగా ఎలా నిలుస్తాయి?

కాస్త ఒరిగితే ఏమయింది అనకండి. తీగ మోగే పొడవు 40 సెంటీమీటర్లు ఉన్నచోట మెట్టు 4 మిల్లీమీటర్లు జరిగితే పౌనఃపున్యం 1 శాతం మారుతుంది. సంగీతం తెలిసిన చెవికి అది అపస్వరమే.

కింద పడితే?

బుర్ర ఎందుకు పగిలింది? దారిలో ఎక్కడో పెట్టె కింద పడి ఉండాలి. మీటరు ఎత్తునుంచి పడిన వస్తువు 5 మిల్లీమీటర్లలో ఆగిపోతే, అది తట్టుకోవలసిన సగటు ఋణత్వరణం గురుత్వ త్వరణానికి 200 రెట్లు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి, అంతే. అదే 5 సెంటీమీటర్ల మెత్తటి దిండులో కుంగుతూ ఆగితే 20 రెట్లే. వీణ బరువు 8 కిలోలయితే మొదటిసారి దానిమీద పడేది 1,600 కిలోల బరువుకు సమానమైన బలం, రెండోసారి 160 కిలోలది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాగేదీ ఇందుకే గదా!

పెట్టె చెక్కకూ పరీక్ష ఉంది

వీణకంటే ముందు పెట్టె చెక్కనే చూసే దేశాలున్నాయి. కారణం వినండి. 1996లో న్యూయార్కులో మేపుల్ చెట్లు తొలుచుకుపోతున్నాయని గమనించారు. చూస్తే, పొడవైన మీసాలున్న ఒక ఆసియా పురుగు! సరుకు పెట్టెల చెక్కలో డింభకాలుగా దాక్కుని సముద్రం దాటింది. దాన్ని అరికట్టడానికి వేలాది చెట్లు కొట్టవలసి వచ్చింది.

అందుకే 2002లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పెట్టెకు వాడే ముడి చెక్క నడిమి భాగం కూడా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి. అలా వేడిచేసిన చెక్కమీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర వేస్తారు. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు. జిగురూ, వేడీ, ఒత్తిడీ కలిపి తయారయ్యే ప్లైవుడ్‌లో పురుగు బతకదు గనుక.

వీణలో వాడిన వస్తువులకూ లెక్క చెప్పాలి. పాత వీణలకు ఏనుగు దంతం పొదిగేవారు. అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. అది దంతం వ్యాపారానికి గట్టిగా అడ్డుకట్ట వేస్తుంది. ఇప్పటి వీణలకు ప్లాస్టిక్ నగిషీలే. రోజ్‌వుడ్ జాతి కర్రలన్నిటినీ 2017లో ఆ ఒప్పందం జాబితాలో చేర్చినా, పూర్తయిన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. పనసకు ఈ చిక్కే లేదు.

ఓడా? విమానమా?

విమానమైతే నెలల తరబడి వేడిలో, తడిలో నానే బాధ తప్పుతుంది. కాని ఖర్చు? విమానంలో సరుకు బరువుతో పాటు అది ఆక్రమించే చోటుకూ లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము.

మన పెట్టె 150 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు అనుకోండి. లెక్క కడితే 62.5 కిలోలు. పెట్టెతో సహా అసలు బరువు 22 కిలోలే అయినా 62.5 కిలోలకు చెల్లించాలి! వెడల్పు, ఎత్తు 5 సెంటీమీటర్ల చొప్పున తగ్గిస్తే ఎంత ఆదా అవుతుందో మీరే లెక్క వేసి చూడండి. తగ్గించిన ప్రతి సెంటీమీటరూ మెత్తటి దిండులోంచి పోతుందని మాత్రం మరువకండి. ఇక్కడే తెలివి కావాలి.

రెండో ప్రయాణం

ఆ కుటుంబం మంచిది. మరో వీణ చేయమంది. ఈసారి ఆయనా, ఆయన కొడుకూ, నేనూ కూర్చుని ఆలోచించాం.

పలకకు వాడే చెక్కను మరింతకాలం ఆరబెట్టాడు. తీగలను కాస్త వదులు చేశాడు. పూర్తిగా విప్పితే గుర్రం జారిపోతుంది, బిగువుగా వదిలితే చెక్క ఉబ్బినప్పుడు తీగ తెగవచ్చు. బుర్రను ఊడదీసి విడిగా మెత్తటి గుడ్డలో చుట్టాడు. మెట్ల నడుమ నురుగు ముక్కలు పెట్టి కదలకుండా కట్టాడు. వీణను దళసరి ప్లాస్టిక్ సంచిలో ఉంచి, సిలికాజెల్ పొట్లాలు వేసి, మూతి మూశాడు. సిలికాజెల్ తన బరువులో మూడో వంతు దాకా తేమను పట్టుకోగలదు. ప్లైవుడ్ పెట్టెలో అన్ని వైపులా 5 సెంటీమీటర్ల నురుగు దిండ్లు వేశాడు. పెట్టెమీద పైకి చూపే బాణాలు, గొడుగు, గాజుగ్లాసు బొమ్మలు గీయించాడు. ఏ దేశపు కూలీకైనా చదువు లేకుండానే అర్థమయ్యే భాష అది. ఖర్చయినా విమానానికే ఇచ్చాం.

పెట్టెలో ఒక చీటీ కూడా పెట్టాం: "వచ్చిన వెంటనే తెరవవద్దు. రెండు రోజులు గదిలో ఉంచి, తర్వాత సంచి మూతి కొద్దిగా వదులు చేయండి. గదిలో ఆర్ద్రత 45 శాతానికి తగ్గకుండా చూడండి."

వారం తర్వాత ఫోను వచ్చింది. అమ్మాయి అక్కడ తీగ మీటింది. ఆయన ఇక్కడ కళ్లు మూసుకుని విన్నాడు. "పంచమం తీగ కాస్త దిగింది, బిరడా కొంచెం తిప్పమ్మా" అన్నాడు. అంతే! చీలిక లేదు, ఒరిగిన మెట్టు లేదు.

ఫోను పెట్టేశాక నావైపు తిరిగి, "అయితే మొదటిదానిలో నా పని తప్పు కాదన్నమాట మాస్టారూ" అన్నాడు. కాదనే చెప్పాను. పనితనం ఆయన చేతుల్లో ఉంది. దారి సంగతి మాత్రం గాలినీ, వేడినీ, గురుత్వాన్నీ అడిగి తెలుసుకోవాలి.

మీరే చేసి చూడండి

రెండు పలచని చెక్క ముక్కలను ఒకే పలకనుంచి పోగుకు అడ్డంగా కోయించండి. రెంటి పొడవునూ జాగ్రత్తగా కొలవండి. ఒకదాన్ని మూతపెట్టిన డబ్బాలో తడి ఉప్పు గిన్నె పక్కన ఉంచండి. ఉప్పు కరగకుండా కొంత మిగిలి ఉంటే ఆ డబ్బాలో ఆర్ద్రత సుమారు 75 శాతం దగ్గర నిలుస్తుంది. రెండోదాన్ని సిలికాజెల్ పొట్లాలతో మరో డబ్బాలో ఉంచండి. పది రోజుల తర్వాత మళ్లీ కొలిచి, తూచి, నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆ తర్వాత మీ ఇంటి తలుపు దగ్గరికి వెళ్లి, అది వానాకాలంలోనే ఎందుకు బిగుస్తుందో అమ్మానాన్నలకు చెప్పండి. అది ఏ దిక్కున ఉబ్బిందో కూడా చెప్పగలిగితే, వీణ ప్రయాణం మీకు పూర్తిగా అర్థమయినట్టే.