పీ, కే అనే రెండక్షరాలు

మీ కంప్యూటర్‌లోని ఒక వర్డ్ ఫైలుకు నకలు తీసి, పేరు చివరనున్న ‘డాక్స్’ను చెరిపి ‘జిప్’ అని రాసి తెరవండి. ఫైలనుకున్నది నిజానికి ఒక పెట్టె. లోపల ‘వర్డ్’ అనే ఫోల్డరు, అందులో మనం టైపు చేసిన పాఠం, దాని పక్కనే ‘మీడియా’ అనే ఇంకో ఫోల్డరు. పేజీల మీద అక్కడక్కడా అతికించిన ఫోటోలన్నీ అందులో ఇమేజ్1, ఇమేజ్2 అంటూ విడివిడిగా కనిపిస్తాయి. నాలుగు పేజీల తనిఖీ నివేదిక 40 ఎంబీ ఎందుకైందో తెలియాలంటే చూడాల్సిన చోటు అదే. అక్షరాల వాటా కొన్ని కేబీలు మాత్రమే.

ఈ పెట్టెను చేసినవాడు ఫిల్ కాట్జ్, అమెరికాలోని మిల్వాకీ వాసి. అది ఫోన్ లైను మీద మోడెంతో ఫైళ్ళు పంపుకునే కాలం. ఫైలు చిన్నదైతే లైను మీద గడిపే సమయమూ తగ్గేది. అప్పట్లో వాడుకలో ఉన్న ‘ఆర్క్’ పద్ధతికి కాట్జ్ తన సొంత ప్రోగ్రాం రాశాడు. అది అసలు దానికంటే వేగంగా నడిచింది. ఆర్క్ సొంతదారులు 1988లో కోర్టుకెక్కారు. రాజీ కుదిరాక, 1989లో ఆయన కొత్త పద్ధతినే తెచ్చాడు. అదే జిప్. పెట్టె ఎలా కట్టాలో, ఎలా విప్పాలో పూర్తిగా రాసి, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. నా దృష్టిలో కాట్జ్ చేసిన అతి పెద్ద పని ప్రోగ్రాం కాదు, ఆ ప్రకటన. డాక్స్ ఫైళ్ళు, ఓపెన్ ఆఫీస్ ఫైళ్ళు, ఈపబ్ పుస్తకాలు, మన ఫోన్లలోని ఆండ్రాయిడ్ యాప్‌లు, అన్నీ ఈ పెట్టెలే. వాటి మొదటి రెండు బైట్లు చదివితే పీ, కే అని ఉంటుంది, ఆయన పేరులోని పొడి అక్షరాలు. డాక్స్ 2006లో ప్రమాణంగా ఆమోదం పొందింది. కాట్జ్ అప్పటికి లేడు. తాగుడు ఆయన్ని 2000 ఏప్రిల్‌లో, 37 ఏళ్ళకే బలి తీసుకుంది.

జిప్ లోపల పనిచేసేవి రెండు పాత ఆలోచనలు. ఒకటి 1977లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెంపెల్, జివ్ చెప్పింది: ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే తిరిగి రాయనక్కర్లేదు, ‘ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్ళి ఇన్ని తెచ్చుకో’ అని రాస్తే చాలు. రెండోది డేవిడ్ హఫ్‌మన్‌ది. ఎంఐటీలో చదువుతుండగా, పరీక్ష రాయడానికి బదులు ఒప్పుకున్న వ్యాసం కోసం తలబద్దలు కొట్టుకుని కనిపెట్టి, 1952లో అచ్చువేశాడు. తరచూ వచ్చే అక్షరానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడవాటి గుర్తు. డాక్స్‌లోని పాఠంలో ఒకే గుర్తులు వేల సార్లు వస్తాయి కాబట్టి అది ఈ రెండింటికీ ఇట్టే లొంగుతుంది.

ఫోటో మాత్రం లొంగదు. పిండి ఆరేసిన బట్టను మళ్ళీ పిండితే నీళ్ళెక్కడివి? జేపెగ్ ఫోటో పెట్టెలోకి రాకముందే పిండేసి ఉంటుంది. 4000 నిలువు వరుసలు, 3000 అడ్డ వరుసల ఫోటోలో 1.2 కోట్ల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల లెక్కన 36 ఎంబీ. అది నాలుగైదు ఎంబీలకు దిగడం వెనకున్న గణితాన్ని బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో ప్రచురించారు. ఈ ఆలోచనతో పరిశోధన నిధులు అడిగితే అహ్మద్‌కు దక్కలేదు. బొమ్మను ఎనిమిదెనిమిది చుక్కల గళ్ళుగా కోసి, ప్రతి గడిలోని వెలుగునీడలను అలలుగా విడదీసి, కంటికి ఆనని సన్నటి అలలను వదిలేయడం జేపెగ్ కిటుకు. వదిలేసింది తిరిగి రాదు, మిగిలినదాంట్లో జిప్‌కు పిండడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే ఫైళ్ళను జిప్ చేసి చోటు మిగుల్చుదామనుకున్న ఆఫీసులకు నిరాశే మిగులుతుంది. డాక్స్ ముందే జిప్, అందులోని ఫోటో ముందే జేపెగ్.

మరి చోటు ఎక్కడ దొరుకుతుంది? పేజీ మీద. ఆ ఫోటోను మూడంగుళాల వెడల్పుకు కుదించి పెట్టామనుకుందాం. అంగుళానికి 220 చుక్కలు అచ్చుకు సరిపోతాయి. అంటే కావలసినవి 660 నిలువు, 495 అడ్డ వరుసలే, మొత్తం 3,26,700 చుక్కలు. తక్కిన 36 వంతులు మూలలు పట్టి లాగి చిన్నది చేసినా పెట్టెలో అలాగే కూర్చోవచ్చు. క్రాప్ చేసినా అంతే. అంచులు కనబడకుండా పోతాయి, చెరిగిపోవు. కత్తిరించేశాం అనుకున్న మనిషి ముఖమో, పక్కనున్న కాగితం మీది ఖాతా నంబరో ఫైలు అందుకున్నవారి చేతికి చేరవచ్చు. చోటు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. బొమ్మ మీద నొక్కి ‘కంప్రెస్ పిక్చర్స్’ ఎంచుకుని, క్రాప్ చేసిన భాగాలు తొలగించే గడిలో టిక్కు పెడితేనే అవి నిజంగా పోతాయి.

పాత ఫైలు పద్ధతులు ఇంకా దుబారా. ఆర్‌టీఎఫ్ మామూలుగా బొమ్మలోని ఒక్కో బైటును రెండేసి అక్షరాలుగా రాస్తుంది, కాబట్టి బొమ్మ పరిమాణం అక్కడికక్కడే రెట్టింపు. పాత డాక్‌లో ‘ఫాస్ట్ సేవ్’ అనే సదుపాయం మార్పులను ఫైలు చివర చేర్చుకుంటూ పోయేది, తీసేసిన మాటలు కూడా లోపలే ఉండిపోయేవి. ఇక లెటర్‌హెడ్ మీది లోగో. ఒకే ఫైలులో నాలుగు చోట్ల అతికించినా పెట్టెలో ఒక్కటే ఉంచవచ్చు, కానీ ప్రతి ఉత్తరంలో దాని నకలు వేరే. 300 కేబీల లోగో 10,000 ఉత్తరాల్లో చేరితే 3 జీబీ.

కాబట్టి ఫైళ్ళను రికార్డు గదికి పంపే ముందు బొమ్మలను చిన్నవి చేయాల్సిందే. కానీ అన్నింటినీ కాదు. వంతెన తనిఖీ నివేదికలో వెంట్రుకవాసి పగులు తీసిన ఫోటో ఉంటే, 220 చుక్కలకు దించినప్పుడు ఆ పగులే మాయం కావచ్చు. పదేళ్ళ తర్వాత పగులు పెరిగిందా లేదా అని చూడవచ్చిన ఇంజినీరుకు కావలసింది ఆ సన్నటి గీతే. అలాంటి ఫోటోల అసలు ప్రతులను నివేదిక పక్కన వేరే ఫోల్డరులో, తేదీ, స్థలం పేరుతో దాచాలి. నివేదికలో చిన్న బొమ్మ, దాని కింద ఆ అసలు ఫైలు పేరు.